నమ్మకమైన పిస్తోలు, నమ్మరాని అప్పన్న

ఒక్క తూటా కూడా పేల్చకుండా పిస్తోలుతో ఎంత నాశనం చెయ్యవచ్చో చూడాలంటే మీరు యుద్ధాలకు వెళ్లనక్కర్లేదు. ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. మంచి పిస్తోలు ఎంచిపెట్టమని నన్ను నమ్మి అడిగిన ఒక ఆడపిల్లను మూడు రోజులు ముప్పుతిప్పలు పెట్టి, చివరికి ఆ పిల్ల చేతినీ, ఆ పిస్తోలునూ, మా క్లబ్బు పరువునూ కలిపి ఒకే ముద్దగా అంటించేసిన ఘనుణ్ని నేనే. అంటించడం అన్నది మాటవరసకు అనలేదు. ఆగండి, అక్కడికే వస్తున్నాను.

ముందు నా గొప్ప కొంచెం చెప్పుకోవాలి. ఎత్తు ఎక్కకుండా పడితే చప్పుడు రాదు కదా.

మా తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఇక్కడి రబ్బరు తోటకు వచ్చాడు. మా నాన్న పడవలు చేసే వడ్రంగి. నేను క్రాంజీ వైపున్న ఒక షూటింగ్ క్లబ్బులో తుపాకుల గది మనిషిని. సింగపూర్‌లో తుపాకీ అంటే మాటలు కాదు. లైసెన్సు ఇచ్చి సొంతంగా కొనుక్కోనిస్తారు కానీ ఇంటికి మాత్రం పట్టుకుపోనివ్వరు. పెళ్లయినా పుట్టింట్లోనే ఉండిపోయే భార్యలాగా అది క్లబ్బులోనే, ఇనుప బీరువాలోనే ఉండాలి. మెంబరు వచ్చి, కిటికీలోంచి టోకెను ఇచ్చి, చెయ్యి చాపితే, నేను పిస్తోలు తీసి, ఖాళీగా ఉందని చూపించి ఆ చేతిలో పెడతాను. ఆట అయ్యాక తిరిగి తీసుకుంటాను. కిటికీ ఎంతంటే, అన్నం పళ్లెం అడ్డంగా పట్టదు. ఇరవై ఏళ్లలో నేను చూసిన మనుషులు తక్కువ, చేతులు ఎక్కువ.

గోడకు అవతల కాలుస్తుంటే ఇవతల కూర్చుని వింటూ ఉండేవాణ్ని. ఏ పిస్తోలు ఆరోగ్యంగా ఉందో, ఏది దగ్గుతోందో, దేనికి స్ప్రింగు నీరసించిందో చప్పుడును బట్టి చెప్పేవాణ్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ అరవై దాటాక నేర్చినవి. చదువు లేని లోటును చెవులతో పూడ్చుకున్నాననీ, తుపాకీ విద్యలో నాకు తెలియనిది లేదనీ నా నమ్మకం. మా తుపాకుల మిస్త్రీ, మలయ్ పెద్దాయన పాక్ హసన్ కూడా "అప్పన్న చెవి మిషను లాంటిది" అనేవాడు. ఆ ఒక్క మాటతో నేను పదేళ్లు బతికాను. చెడింది కూడా దానితోనే.

అది కంప్యూటర్లవాళ్ల కాలం. రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ మతిపోయి కూర్చుంటాయని, వాటికి ముందే మందు వెయ్యాలని, హైదరాబాదు నుంచి పిల్లలు విమానాల కొద్దీ దిగుతున్నారు. సబీహా అలా వచ్చిన పిల్లే. జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు. చూడటానికి అగరవత్తిలా ఉంటుంది, మాట్లాడితే సాంబ్రాణి వేసినట్టు గదంతా నిండిపోతుంది. మూడేళ్లుగా ప్రతి శని, ఆదివారం రెండు బస్సులు మారి క్లబ్బుకు వచ్చేది. ఇంట్లో ఉర్దూ, నాతో మటుకు హైదరాబాదు తెలుగు.

క్లబ్బు జట్టులోకి ఏడాదికి ఒక్కసారే ఎంపిక. రెండేళ్లు వరసగా ఆ పిల్ల ఎంపికకు నిలబడింది, రెండేళ్లూ క్లబ్బు ముసలి పిస్తోలు ఆమె గొంతు కోసింది. సరిగ్గా వేళకు తూటా అడ్డం పడేది, టైము అయిపోయేది. ఈ మూడోదే ఆఖరు. కంప్యూటర్ల జబ్బు నయమైపోతే ఆఫీసువాళ్లు ఆమెను వెనక్కి పంపేస్తారు.

"అంకుల్, హైదరాబాద్‌కి పోయినంక నాకు ఈ ఆట ఉంటదో లేదో తెల్వదు. జట్టు బనియన్ ఒక్కటి తొడుక్కొని పోవాలె. అంతే" అంది ఒకరోజు కిటికీలోంచి. సొంత పిస్తోలుకు లైసెన్సు వచ్చిందట. ఒకే ఒక్క పిస్తోలుకు. "మంచిది, మొరాయించనిది మీరే ఎంచాలె."

ఆ సమయానికి పాక్ హసన్ హజ్ యాత్రకు వెళ్లాడు. తాళాలు జట్టు కెప్టెన్ దగ్గర, పెత్తనం నా దగ్గర. ఊళ్లో డాక్టరు లేనప్పుడు కాంపౌండరు ఎలా నడుస్తాడో మీకు తెలుసు. నేను అలాగే నడిచాను.

పిస్తోళ్లు అమ్మే కంపెనీ ఏజెంటు మూడు కొత్తవి చూడటానికి తెచ్చాడు. నల్లది ఒకటి, వెండి రంగుది ఒకటి, నీలం పిడిది ఒకటి. సబీహా తన ఒడి కంప్యూటరు తెరిచి ఏదో పట్టిక చూపించింది.

"బరువు, పొడుగు, ట్రిగ్గర్ ఎంత నొక్కితే కదుల్తది, గ్యారంటీ ఎన్నేండ్లు, అన్నిటికీ మార్కులు వేసిన అంకుల్. నల్లది ఫస్ట్ వచ్చింది."

"అమ్మా, మార్కులు చూసి పెళ్లికొడుకును ఎంచుకుంటే ఏమవుతుందో తెలుసా?"

"ఏమైతది?"

"ఆ మార్కుల కాగితంతోనే కాపురం చెయ్యాలి. మూయి ఆ డబ్బా. ఒక్కోదానితో నూరు తూటాలు కాల్చు. నేను ఇక్కడ కూర్చుని వింటాను."

స్టూలు మీద కళ్లు మూసుకుని, సంగీత కచేరీకి వచ్చిన జమీందారులా తల ఊపుతూ కూర్చున్నాను. నల్లది ముప్పయ్యో తూటాకే పాత లారీలా దగ్గింది. వెండిది నడకలో నాజూకు గానీ, ఎనభయ్యో తూటా దగ్గర ఒకసారి మాత్ర మింగలేని పిల్లాడిలా గుటకేసింది. నీలం పిడిది మాత్రం రోట్లో పోటు పడినట్టు నూటికి నూరూ ఒకే చప్పుడు. నమ్మకమైన పిస్తోలు అంటే గొప్పగా పేలేది కాదండీ, ఎప్పుడూ ఒకేలా పేలేది. మా ఆవిడ సింహాచలం తిట్టులాగా.

"నీలం పిడిది. కళ్లు మూసుకుని తీసుకో" అన్నాను.

ఈ తీర్పులో తప్పు లేదు. ఇప్పటికీ లేదంటాను. తప్పంతా దాని తరువాతి పది నిమిషాల్లో జరిగింది.

ఏజెంటు అన్నాడు: "అంకుల్, ఫ్యాక్టరీలో చేతికి సరిపోయేలా చెక్క పిడి చెక్కి ఇస్తారు. చేతి బొమ్మ గీసి పంపిస్తే చాలు."

వడ్రంగి కొడుకుని కదా, పెన్సిలు నా చెవి మీదే ఉంది. కిటికీ పలక మీద కాగితం పరిచాను. "చెయ్యి ఇవ్వమ్మా" అన్నాను, గాజులు తొడిగేవాడిలా. సబీహా చెయ్యి పెట్టింది. వేలు వేలునా తిప్పి, చిటికెన వేలి వంపు కూడా పోకుండా గీశాను. ఏజెంటు కాగితం తీసుకుని మడతపెడుతూ, "రైట్ హ్యాండర్ ఆ?" అన్నాడు.

నాకు ఎంత నవ్వొచ్చిందంటే! "బొమ్మ చూస్తూ అడుగుతున్నావా? మావాళ్లలో ఆయుధం ఎడం చేత్తో పట్టేవాళ్లు ఎవరైనా ఉంటారా?"

"ఓకే ఓకే అంకుల్, అడగడం నా డ్యూటీ లా" అని, ఇక్కడివాళ్లంతా మాట చివర పెట్టే 'లా' తోక తగిలించి, అతను టిక్కు పెట్టుకున్నాడు. అప్పటికి సబీహా ఆఫీసు నుంచి ఏదో పిలుపు వచ్చి ఫోను దగ్గరికి పరిగెత్తింది. ఆ ఒక్క నిమిషం ఆమె అక్కడ ఉండి ఉంటే మీకు ఈ కథ లేదు, నాకు ఈ సిగ్గు లేదు.

నెలలు గడిచాయి. పాక్ హసన్ హాజీ అయి, ఖర్జూరాలు పంచి, తన తాళాలు తను తీసుకున్నాడు. పిస్తోలు మాత్రం సముద్రాలు దాటి, కాగితాలు దాటి, సరిగ్గా ఎంపిక ఆదివారమనగా గురువారం వచ్చింది. సబీహా ఆఫీసుకు సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చింది. పెట్టె తెరిచాను. అబ్బ, ఏం పిడి! అక్రోటు చెక్క, ప్రతి వేలికీ ఒక గాడి, అరచెయ్యి ఆనడానికి కింద చిన్న అరుగు. కిటికీలోంచి అందించాను. చెయ్యి చాపి తీసుకుంది. చేపను చెరువులో వదిలినట్టు ఆ చెయ్యి ఆ పిడిలోకి వెళ్లిపోయింది.

"ఎట్లుంది?" అన్నాను ఆమె భాషలోనే, మురిపెంగా.

"మస్తుంది అంకుల్..." అని, ఒక్క క్షణం ఆగి, పిస్తోలును రెండో చేతిలోకి మార్చింది. గాడులన్నీ వేళ్ల మీదకు ఎదురు తిరిగాయి. బొటనవేలికి చోటు లేదు. కుడికాలి చెప్పులో ఎడంకాలు పెట్టినట్టు ఆ చెయ్యి బయటికే వేలాడింది. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో మాత్రం ఆరిపోయింది.

"ఆ చేతికి ఎందుకు మార్చావమ్మా?"

"నేను కాల్చేది ఈ చేత్తోనే కదా అంకుల్."

నేను పెట్టె మూత మూసి, మళ్లీ తెరిచి చూశాను.

వెనకాల బీరువా తుడుస్తున్న పాక్ హసన్ గుడ్డ కింద పడేశాడు. "అలామక్! అప్పన్నా, ఈ పిల్ల మూడేళ్లుగా చివరి లేన్‌లోనే ఎందుకు నిలబడుతోంది అనుకున్నావు? ఎడంచేతి వాటంవాళ్లు అటు తిరిగి నిలబడతారు, పక్కవాడితో ముఖాముఖి పడకూడదని చివర పెడతాం. క్లబ్బులో పిల్లులకు కూడా తెలుసు!"

పిల్లులు గోడ అవతల తిరుగుతాయి. నేను గోడ ఇవతల కూర్చుంటాను.

"మరి ఆరోజు కుడిచెయ్యి ఎందుకు ఇచ్చావమ్మా?" నా గొంతు నాకే పిల్లికూతలా వినిపించింది.

"సైజు కోసమే అనుకున్న అంకుల్. రెండు చేతులూ ఒక్క సైజే కదా అని..."

వెనక్కి పంపితే మళ్లీ నెలలు. ముసలి పిస్తోలు పడితే మళ్లీ అదే దగ్గు. కెప్టెన్‌ను పిలిచాం. ఆయన రిటైరైన సైన్యపు మనిషి. చొక్కా మడత కూడా అటెన్షన్‌లో నిలబడుతుంది. పిస్తోలును అటు ఇటు తిప్పి, "ఆదివారం ఎనిమిదింటికి ఎంపిక. పిడి మార్చుకోవచ్చు. తేదీ మార్చడం కాన్నాట్" అని వెళ్లిపోయాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడట ఒకడు. నేను పట్టిన పిల్లకు ఒకటే చెయ్యి. అంత బుద్ధి గడ్డి తిన్నవాడు అక్కడితో నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలా, వద్దా? నేను ఛాతీ విరిచాను. "భయపడకమ్మా. మా నాన్న పడవలు చెక్కాడు. నేను పిడి చెక్కలేనా? ఆ చెయ్యి ఇలా పెట్టు, గీస్తాను."

కాగితం కోసం వెతికితే పాక్ హసన్ పలహారం చుట్టి తెచ్చుకున్న నూనె కాగితం దొరికింది. ఈసారి ఎడం చెయ్యే గీశాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. కాగితం జేబులో పెట్టుకుని టోవా పాయోలోని మా ఫ్లాటుకు పోయి, పనసచెక్క తీసి, శుక్రవారం పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వంటగదిలో కూర్చుని చెక్కాను. నాకు నేనే ముచ్చటపడేంత బాగా వచ్చింది. మా సింహాచలం వచ్చి, పోల్చి చూసుకోవడానికి తెచ్చుకున్న ఫ్యాక్టరీ పిడిని ఎడంచేత్తో, నా పిడిని కుడిచేత్తో ఎత్తి పక్కపక్కన పెట్టింది.

"ఏటయ్యా, రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి?"

"కవలలేంటి, ఇది ఎడమది."

"ఏటి ఎడమ? చూడు, ఈ గాడి ఇటే, ఆ గాడీ ఇటే. ఒక తల్లి కడుపున పుట్టినట్టే ఉన్నాయి."

నూనె కాగితం మహిమ మీకు అర్థమైందా? దానికి ముందూ వెనకా ఒకటే. గీత రెండు వైపులా కనిపిస్తుంది. నేను తిరగేసి పరిచాను. ఎడం చెయ్యి కాస్తా కుడి చెయ్యి అయి కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ రోకలి కూడా నేనే చెక్కుకున్నాను.

"సాల్లే నీ వడ్రం. ఆ పిల్లకింకో కుడిచెయ్యి ఉంటే బాగుణ్ను" అంది సింహాచలం.

శనివారం పొద్దున్న పాక్ హసన్ నా ముఖం చూసి, నా పనసచెక్క పిడిని పక్కకు నెట్టేశాడు. మంచివాడు. ఒక పొడి డబ్బా, ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెక్కలో కన్నాలు పూడ్చే పుట్టీ. పిస్తోలు లోపలి సామానంతా విప్పేసి పక్కన పెట్టి, ఉత్త చట్రం మాత్రం మిగిల్చాడు. "ఫ్యాక్టరీ పిడి గాడులు అరగదీసి, మీద పుట్టీ ముద్ద పెట్టు. ఈ పిల్ల ఎడం చేత్తో గట్టిగా పట్టుకుంటే అచ్చు పడుతుంది. చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టు. పది నిమిషాలు, అంతే. నేను మాకన్‌కు, అదే తిండికి, వెళ్లొస్తా" అన్నాడు.

నాకు సగం మాట చాలు. ఆ రెండో సగం ఎప్పుడూ అక్కర్లేదు, అదే నా జబ్బు.

తుపాకుల గదిలోనే, తుడుచుకునే బల్ల దగ్గర సబీహాను కూర్చోబెట్టాను. పుట్టీ కలిపాను. కవరు చేతిలోకి తీసుకున్నాను. పారేశాను.

"అంకుల్, కవరు..."

"కవరు చుడితే అచ్చులో మడతలు పడతాయమ్మా. చేతి గీతలతో సహా దిగాలి. కొంచెం నూనె రాస్తే చాలు."

రాసింది తుపాకీ నూనె. చుక్కంటే చుక్క. ఆ పిల్ల ముద్ద మీద వేళ్లు నొక్కి పట్టుకుంది. పది నిమిషాలన్నాడు కదా, నమ్మకంగా ఉండాలని ఇరవై ఉంచాను. ఆ తరువాత, "ఇక తియ్యి" అన్నాను.

ఆమె లాగింది. పిస్తోలు కూడా లేచింది.

మళ్లీ లాగింది. మళ్లీ లేచింది. బల్ల మీద పెట్టి నేను చట్రం పట్టుకుని అటు, ఆమె ఇటు లాగాం. తాడులాగుడు, కబడ్డీ అన్నీ అయ్యాయి. చెయ్యి రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వాళ్లకు పుట్టీ సంగతి తెలియదు, అది కడగనివ్వదు కూడా.

సరిగ్గా అప్పుడే కెప్టెన్ వచ్చాడు.

"ఏం జరుగుతోంది?"

"అచ్చు పడుతోంది సార్" అన్నాను.

"ఎంతసేపటి నుంచి?"

"పడిపోయింది సార్. ఇప్పుడు... దిగడం లేదు."

ఆయన వంగి చూశాడు. చెయ్యి ఎక్కడ ముగుస్తుందో, పిస్తోలు ఎక్కడ మొదలవుతుందో దేవుడికే తెలియాలి. నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మిస్, ఈ ఆయుధం గదిలోంచి బయటికి పోవడానికి వీల్లేదు. చట్టం."

"సార్, అది పోతలేదు. నేనే పోతున్న. ఆస్పత్రికి."

"మీరు పోవచ్చు. అది కాన్నాట్."

"మేమిద్దరం ఇప్పుడు ఒకటే సార్!" అంది సబీహా. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

అంబులెన్సు వాళ్లను లోపలికే పిలవాలంటే ఏ కాగితం కావాలో చూడటానికి ఆయన ఆఫీసు గదికి వెళ్లాడు. మేమిద్దరం మిగిలాం. నేను తలెత్తలేకపోయాను. కిటికీ ఇవతల ఇంతకాలం రాజులా కూర్చున్నవాణ్ని, అప్పుడు స్టూలు కింద దూరితే బాగుండుననిపించింది.

"ఒక్క మాట అడుగుతానమ్మా" అన్నాను. "సైజు కోసం కుడిచెయ్యి ఇచ్చావు, సరే. మూడేళ్లుగా నా కిటికీలోంచి పిస్తోలు కుడిచేత్తోనే ఎందుకు తీసుకున్నావు? ఒక్కసారి ఎడంచెయ్యి చాపి ఉన్నా నాకు తెలిసేది కదా."

"చాపిన అంకుల్. మొదటి దినం."

"నేను చూశానా?"

"చూసిన్రు. పిస్తోలు వెనక్కి గుంజుకొని, 'ఆ చేత్తోనా అమ్మా, పెద్దల దగ్గర తీసుకునేది? ఇంట్లో ఏం నేర్పలేదా?' అని గట్టిగ అన్నరు. లైనుల అందరూ చూసిన్రు. మా దాదీ కూడా అట్లనే, చిన్నప్పుడు ఎడంచేత్తో రొట్టె పట్టుకుంటే గరిటెతోటి కొట్టేది. మీరు అంటుంటే దాదీయే అన్నట్టు అనిపించింది. అప్పటి నుంచి మీ కాడ కుడిచెయ్యే."

నాకు ఆ రోజు గుర్తు కూడా లేదు. అనేవాడు అని మరిచిపోతాడు. పడ్డవాళ్లు మూడేళ్లు చెయ్యి మార్చుకుంటారు. తుపాకీ నూనె గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాను.

"రోనా నక్కో అంకుల్" అంది ఆ పిల్ల, ఉన్న ఒక్క చేత్తో నా భుజం తట్టి. "ఏడ్వకండి. మీరు ఏడిస్తే నాకు నవ్వొస్తది, నవ్వితే చెయ్యి గుంజుతది."

ఆ వేళకు కిటికీ అవతల నుంచి సింహాచలం గొంతు. నాకు అన్నం క్యారియరు తెచ్చింది. జరిగింది చెప్పాను. నా మీద ఒక చూపు విసిరింది. ఆ చూపును తూటాగా పోస్తే నూరు గజాల గురి కొట్టేది.

"ఓలమ్మ, బిడ్డ చెయ్యి! ఏదీ, ఇలా చూపించు."

కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "ఆంటీ లోపలికి రాకూడదు. పిస్తోలు బయటికి పోకూడదు."

"నా చేతులు లోపలికి రావొచ్చా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "చేతులు... ఓకే. మోచెయ్యి దాకా."

అలా సింహాచలం కిటికీ అవతల నిలబడి, మోచేతుల దాకా లోపలికి పెట్టి పని మొదలుపెట్టింది. ముందు క్యారియరులోని ఆవకాయ గిన్నె తీసి, ఊటనూనె వేరే గిన్నెలోకి వంచింది. కారం దిగేదాకా ఆగి, పైన తేరిన నూనె మాత్రం వేలితో తీసి చేతికీ ముద్దకీ మధ్య సందుల్లోకి చుక్క చుక్కగా పోసింది. తరువాత నేను పారేసిన కవరు తీసుకుని, పలచగా చింపి, బిగుసుకున్న గాజు కిందకు దూర్చినట్టు మణికట్టు వైపు నుంచి దూర్చింది.

"బొటనవేలు లోపలికి మడువమ్మా. చెయ్యి వదులు చెయ్యి. గాజులు తీసేటప్పుడు ఎలా వదిలేస్తావు, అలాగ. ఈయన ముఖం వైపు చూడకు, కోపమొస్తే చెయ్యి బిగుస్తుంది."

ఒక మెలిక. ఇంకో మెలిక. చిన్నగా 'సుయ్' మంది. చెయ్యి బయటికొచ్చింది. ఎర్రగా ఉంది గానీ వేళ్లు అయిదూ ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. ముద్ద మీద ఎడంచేతి అచ్చు చెక్కుచెదరకుండా దిగి ఉంది.

"సుదా" అంది సింహాచలం, అయిపోయిందని. "కారం కొంచెం మండుతుంది. పెరుగు రాసుకో. నువ్వు మటుకు ఈ పూట అన్నం తినకు."

ఆఖరి మాట నాకు.

ఆదివారం పొద్దున్న ఆ పిస్తోలును చూసి లైనులో అందరూ నవ్వారు. నవ్వరా మరి? ముందు సగం అద్దంలా మెరిసే కొత్త ఉక్కు. వెనక సగం గోడకు కొట్టిన పిడకలా బూడిద రంగు ముద్ద, దాని మీద అయిదు వేళ్ల అచ్చు, పైగా ఆవకాయ వాసన. పక్క లేన్ ఆయన రెండుసార్లు తుమ్మాడు. సబీహా ఎవరి వైపూ చూడలేదు. ఎడం చేత్తో పిడక పట్టుకుంది.

ఇరవై ఏళ్లలో మొదటిసారి నేను గదికి పాక్ హసన్‌ను కాపలా పెట్టి, గోడ అవతలికి వెళ్లి నిలబడ్డాను. ఆ పిల్ల అటు తిరిగి నిలబడి, ఆ సన్నటి ఎడంచెయ్యి చాపితే, అది చెయ్యి కాదు, చూరుకు కట్టిన దూలం. నాకు వినడమే వచ్చనుకున్నాను ఇంతకాలం, ఆ రోజు చూడటం వచ్చింది. అరవై తూటాలు. ఒక్క దగ్గు లేదు, ఒక్క గుటక లేదు. నలభై దాటాక ఒకటి రెండు గురి తప్పాయి. ఆ తప్పులు ఆవకాయ మంటవి, పిస్తోలువి కావు. మార్కుల పట్టికలో పైన ఇంకొకాయన ఉన్నాడు, కింద ఇంకొకాయన ఉన్నాడు. జట్టులో ఖాళీలు రెండే. ఒక్క పాయింటుతో రెండో ఖాళీ మా పిల్లది.

కాల్పులయ్యాక నేను పరుగున వెనక్కి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను. పిస్తోలు తిరిగి ఇవ్వడానికి చెయ్యి వచ్చింది. కుడిచెయ్యి.

"ఆ చెయ్యి కాదమ్మా" అన్నాను. "పిస్తోలును గెలిపించిన చెయ్యి ఇవ్వు."

కుడిచెయ్యి వెనక్కి పోయింది. తరువాత ఎర్రగా కందిన ఎడంచెయ్యి లోపలికొచ్చింది. నేను కూడా ఎడంచెయ్యే చాపి తీసుకున్నాను. మా నాన్న చూసి ఉంటే ఉలితో కొట్టేవాడు. కొట్టనీ.

కథ ఇక్కడ ఆపితే నా గౌరవం కొంచెమైనా మిగులుతుంది. కానీ మొదలుపెట్టింది నిజం చెప్పడానికి కదా.

మరుసటి వారం కెప్టెన్ వచ్చాడు, చొక్కా మడత అటెన్షన్‌లోనే ఉంది. అటూ ఇటూ చూసి, కిటికీలోకి తల వంచి, గొంతు తగ్గించి అడిగాడు. "అంకుల్, ఆ పిడి... ఆ గ్రే కలర్ ది. ఆ పుట్టీ ఏ దేశానిది?"

"ఎందుకు సార్?"

"అరవై తూటాలకు ఆ పిల్ల పట్టు కొంచెం కూడా జారలేదు. నేను చూశాను. నాకూ ఒకటి కావాలి. ఆ నూనె కూడా అదే వెయ్యాలి." కిటికీ పలక మీద తన కుడిచెయ్యి తెచ్చి పెట్టాడు, గీసుకోమని.

నేను ఆ చెయ్యి వంక చూశాను. ఇరవై ఏళ్లుగా చూస్తున్న చెయ్యి. పెన్సిలు చెవి మీదే ఉంది. తియ్యలేదు.

"సార్, మీరు కాల్చేది ఏ చేత్తో?"

"ఏమిటి అంకుల్ ఇది? రైట్ హ్యాండ్ లా! రోజూ పిస్తోలు ఇచ్చేది మీరే కదా!"

"పదండి" అన్నాను. "గోడ అవతలికి వెళ్లి కాల్చి చూపించండి. చూశాకే గీస్తాను."

కాబట్టి మహాజనులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంక ఎవరికీ పిస్తోలు కాదు కదా, కత్తిపీట కూడా ఎంచిపెట్టను. ఎంచక తప్పకపోతే, ఆ మనిషి దాన్ని పట్టుకునే తీరు కళ్లారా చూడకుండా నోరు విప్పను. పుట్టీ డబ్బా ఉన్న గదిలో ఒంటరిగా కూర్చోను. ఈ మాట ఏ చెయ్యి ఎత్తి చెబుతున్నానని అడగకండి. రెండూ ఎత్తాను.